కొయ్యకు ఎంత దూరంలో నిలబడాలి?



కార్తీకం చివర కారంపూడిలో జరిగే వీరుల ఉత్సవాలు చూసినవారికి ఆ అయిదు రోజుల పేర్లూ నోటికి వచ్చే ఉంటాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. నాగులేటి ఒడ్డున పల్నాడు ఏటా తన యుద్ధ కథను తలచుకుంటూనే ఉంది. గురజాలలో నలగామరాజు, నాయకురాలు నాగమ్మ. మాచర్లలో మలిదేవరాజు, బ్రహ్మనాయుడు. రెండు పక్షాలూ కోడిపందేనికి దిగాయి. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచిపోవాలన్నది ఒప్పందం. మాచర్ల పక్షం ఓడింది, వలస పోయింది. గడువు తీరాక తమ భాగం అడగడానికి అలరాజును రాయబారం పంపితే ఆయన ప్రాణాలతో తిరిగి రాలేదు. ఇక మిగిలింది యుద్ధమే.

యుద్ధం సంగతి చరిత్ర తెలిసినవారు చెబుతారు. ఈ పూట నా మాటలు నరసరావుపేటలో బట్టల కొట్టు, మాచర్లలో నాపరాయి పాలిషింగ్ యూనిట్, పిడుగురాళ్లలో సున్నపు బట్టీ, గురజాలలో ఎరువుల దుకాణం, సత్తెనపల్లిలో కుట్టు మిషన్లు నడుపుకునేవారి కోసం. ఆ కథలో పందెం, రాయబారం ఉన్నట్టే మీకు కూడా రోజూ రెండు పనులు తప్పవు. ఎంత ఒడ్డాలో తేల్చుకోవడం ఒకటి. ఎదుటివాళ్లతో మాట్లాడి పని చక్కబెట్టుకోవడం రెండోది. మొదటిదాన్ని వ్యూహం అనండి, రెండోదాన్ని మాట నేర్పు అనండి. ఈ రెండూ పుట్టుకతో రావాలన్నది మనలో చాలామంది నమ్మకం. "వాళ్లకు వ్యాపారం రక్తంలోనే ఉందండీ, మనకు అచ్చిరాదు" అనే మాట ఎన్నిసార్లు వినలేదు! ఆ మాటలో నిజమెంతో తేల్చే పరీక్ష ఒకటి అరవై ఏళ్ల కిందట మన తెలుగుగడ్డ మీదే జరిగింది. జరిగింది కాకినాడ వ్యాపారుల మీద.

అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మెక్లెలాండ్ అనే మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడు ఉండేవారు. ఏదైనా సాధించి తీరాలనే తపన కొందరిలోనే ఎందుకు ఎక్కువగా ఉంటుంది, అది నేర్పితే వచ్చేదేనా అన్నది ఆయన ప్రశ్న. మన హైదరాబాద్ యూసుఫ్‌గూడలో చిన్న పరిశ్రమల వారికి తర్ఫీదు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి ఉంది. 1960లో ఢిల్లీలో మొదలై, 1962లో హైదరాబాద్‌కు వచ్చింది. అప్పట్లో దాన్ని సియెట్ అనేవారు. ఇప్పుడది సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల జాతీయ సంస్థ. ఆ ప్రశ్న తేల్చుకోవడానికే 1964లో ఆ సంస్థలో కాకినాడ నుంచి వచ్చిన చిన్న వ్యాపారులకు పది రోజుల శిక్షణ మొదలుపెట్టారు. పోలిక కోసం పక్కనే ఉన్న రాజమండ్రిని ఎంచుకున్నారు. అక్కడివారికి శిక్షణ ఇవ్వలేదు. రెండూ గోదావరి సీమ పట్టణాలే, రెండు చోట్లా వ్యాపారం చేసే తీరూ దాదాపు ఒకటే. ఆ తర్వాత ఎవరి వ్యాపారం ఎటు పోయిందో రెండేళ్లపాటు కనిపెట్టి చూశారు.

ఆ పది రోజుల్లో వాళ్లకు ఖాతాలు రాయడం నేర్పలేదు, అప్పు ఇప్పించలేదు. ఒక ఆట ఆడించారు. నేల మీద ఒక కొయ్య పాతారు. చేతికి కొన్ని రింగులు ఇచ్చారు. కొయ్య చుట్టూ పడేలా రింగు విసరాలి. ఎంత దూరంలో నిలబడాలో ఎవరి ఇష్టం వారిది. కొందరు కొయ్య పక్కనే నిలబడి వేస్తారు. ప్రతి రింగూ పడుతుంది, కానీ అందులో గొప్పేముంది? కొందరు ఎక్కడో గోడ దగ్గర నిలబడతారు. పడితే అదృష్టం, పడకపోతే ఎవరూ తప్పుపట్టరు. మూడో రకంవారు మధ్యలో నిలబడతారు. రెండు తప్పితే అరడుగు ముందుకు జరుగుతారు, వరసగా పడుతుంటే అరడుగు వెనక్కి జరుగుతారు. కష్టపడితే అందే దూరమెంతో వెతుక్కుంటూ ఉంటారు. వ్యాపారంలో నిలదొక్కుకునేవాళ్లు ఈ మూడో రకమేనని మెక్లెలాండ్ తేల్చారు. వ్యాపారి అంటే తెగించి ఒడ్డేవాడన్న మన ఊహకు ఇది పూర్తిగా ఎదురు.

ఆటతో ఊరుకోలేదు. బొమ్మలు చూపించి కథలు రాయమన్నారు. ఒకరి కథలో మనిషి దేవుడి మీద భారం వేసి కూర్చుంటాడు. మరొకరి కథలో అదే మనిషి అడ్డంకి ఏమిటో చూసి, దారి వెతికి, సాయం అడిగి పని పూర్తి చేస్తాడు. తన ఆలోచన ఏ దారిన పోతోందో ఎవరికి వారికే తెలిసివచ్చేలా ఆ కథలను విప్పి చూపించారు. చివరన ఒక్కొక్కరూ వచ్చే రెండేళ్లలో తన వ్యాపారంలో ఏం చేయబోతున్నదీ కాగితం మీద రాశారు. ఆరు నెలలకోసారి ఆ కాగితం ముందు పెట్టుకుని ఎంత జరిగిందో చూసుకోవాలి. తోటి వ్యాపారులు ఒకరికొకరు అండగా ఉండాలి. మొత్తం శిక్షణ సారం ఇంతే.

ఫలితం? శిక్షణ పొందినవారిలో దాదాపు సగం మంది రెండేళ్లలో కొత్త పెట్టుబడి పెట్టడమో, కొత్త వ్యాపారం మొదలుపెట్టడమో, మరికొందరికి పని కల్పించడమో చేశారు. శిక్షణ లేనివారిలో అలా కదిలింది పావు వంతు మంది. ఇంకో సంగతి కూడా బయటపడింది. పూజలు, ఆచారాలు, పాతకాలపు అలవాట్లు గట్టిగా పాటించేవారు వెనకబడతారని అంతకుముందు చాలామంది మేధావులు అనుకునేవారు. అలాంటిదేమీ కనిపించలేదు. 1969లో మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి ఈ వివరాలన్నీ పుస్తకంగా తెచ్చారు. కాకినాడ ప్రయోగం పేరుతో ఇప్పటికీ కామర్స్, ఎంబీఏ విద్యార్థులు ఈ పాఠం చదువుతూనే ఉన్నారు.

అయితే మిగతా సగం మంది ఎందుకు కదల్లేదు? ఆ ప్రశ్నకూ ఆ పుస్తకంలో జవాబుంది. నిర్ణయం తీసుకునే అధికారం ఎవరి చేతిలో ఉందో వారికే శిక్షణ బాగా పనికొచ్చింది. మన ఇళ్లలో దీని అర్థం చెప్పనక్కర్లేదు. కొడుకు బీటెక్ చదివి వచ్చి కొట్లో కూర్చుంటాడు. కంప్యూటర్‌లో బిల్లులు కొడతాడు, ఇన్‌స్టాగ్రామ్‌లో చీరల బొమ్మలు పెడతాడు. కానీ గల్లాపెట్టె తాళం నాన్న మొలతాడునే ఉంటుంది. అబ్బాయి ఎన్ని శిక్షణలకు వెళ్లొచ్చినా అయిదు వేల రూపాయల నిర్ణయం సొంతంగా తీసుకోలేడు. శిక్షణకు పంపే ముందు, వచ్చాక ఎంతవరకు నిర్ణయం వాడిదో పెద్దలు తేల్చి చెప్పాలి. కోడలైనా, కూతురైనా అంతే.

సరే, కొయ్య ఆట మన కొట్లోకి ఎలా వస్తుంది? నరసరావుపేటలో నడుస్తున్న బట్టల కొట్టు ఉంది, మాచర్లలో ఇంకొకటి పెట్టాలని ఉంది అనుకుందాం. ఉన్న పొలం తాకట్టు పెట్టి, మెయిన్ రోడ్డు మీద పెద్ద షోరూమ్ తీసుకోవడం కోడిపోరు లెక్క. ఒక్క సీజన్ దెబ్బతింటే వలసే గతి. ఏమీ చేయకుండా ఉన్న కొట్టు చూసుకుంటూ కూర్చోవడం కొయ్య పక్కన నిలబడటం. మధ్య దారి ఏమిటి? మాచర్లలో శివరాత్రి ముందు నుంచి ఉగాది వరకు ఒక చిన్న గది అద్దెకు తీసుకోండి. అక్కడ ఏ రకం పోతుందో, ఏ ధర నిలుస్తుందో చూడండి. మొదలుపెట్టే రోజునే మూడు సంగతులు రాసిపెట్టండి. ఎంత పెడుతున్నాం, ఎంత పోతే ఆపేస్తాం, ఏ తేదీన లెక్క చూస్తాం. రెండోది రాయడానికి చాలామందికి మనసు ఒప్పదు, అపశకునం అనుకుంటారు. ఆ అంకె రాసుకోని చోటే ఇల్లూ వాకిలీ దాకా వెళ్తుంది నష్టం.

పల్నాడు వ్యాపారానికి పంటల పంచాంగం ఉంది. పత్తి అమ్మకాల డబ్బు ఒక వేళలో వస్తుంది, మిర్చి డబ్బు మరో వేళలో వస్తుంది. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు కదిలే రోజుల్లో కొనేవాళ్లు వేరు, ఎండలు ముదిరాక పెళ్లిళ్లకు కొనేవాళ్లు వేరు. సాగర్ కుడికాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారన్నది రైతుకే కాదు, ఎరువుల కొట్టుకూ, బంగారం కొట్టుకూ, హోటల్‌కూ కావలసిన వార్త. ఏ నెలలో సరుకు నింపాలి, ఏ నెలలో అప్పు తగ్గించాలి, ఏ నెలలో చేతిలో నగదు ఉంచుకోవాలి అనేది గోడ మీద క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుంటే అదే వ్యూహం. దానికి ఇంగ్లీషు పుస్తకం అక్కర్లేదు.

ఎదురుకొట్టు ధర తగ్గించింది కదా అని మనమూ తగ్గించే ముందు చిన్న లెక్క వేసుకోవాలి. వంద రూపాయల సరుకులో ఇరవై మనకు మిగులుతుందనుకుందాం. పది రూపాయలు తగ్గిస్తే పోయింది ధరలో పదో వంతే అనిపిస్తుంది. కానీ లాభంలో సగం పోయింది. అమ్మకం రెట్టింపయితేగానీ పాత లాభం చేతికి రాదు. మాచర్ల, నరసరావుపేట లాంటి పట్టణంలో అమ్మకం రాత్రికి రాత్రి రెట్టింపవుతుందా? అందుకే ధర తగ్గించడం ఆఖరు ఆయుధంగా ఉంచుకుని, ఇచ్చే సేవలో తేడా చూపించాలి. చెప్పిన రోజుకు సరుకు అందించడం, పగిలిన బండ మారు మాట లేకుండా మార్చి ఇవ్వడం, కుట్టిన బట్ట సరిపోకపోతే సరిచేసి ఇవ్వడం. ఇవి కొనేవాళ్లు గుర్తుపెట్టుకునే తేడాలు.

ఇక మాట సంగతి. మాట నేర్పు అంటే గలగలా మాట్లాడటం అనుకుంటాం. కానీ మొదటిది, వినడం. కొట్లో ఎక్కువ మాట్లాడేవాడి కన్నా ఎక్కువ వినేవాడికే లాభం. మనిషి వచ్చి "ఎరుపు రంగు ఉందా" అని అడిగి, లేదంటే వెళ్లిపోయాడు. ఆ మాట అక్కడితో గాలిలో కలిసిపోతుంది. గల్లాపెట్టె పక్కన ఒక నోటుపుస్తకం పెట్టి, అడిగి దొరక్క వెళ్లినవాళ్ల మాటలు రాసుకుంటూ పోండి. నెల తిరిగేసరికి ఏ సరుకు తేవాలో ఆ పుస్తకమే చెబుతుంది. పెద్ద కంపెనీలు లక్షలు పోసి చేయించే మార్కెట్ సర్వేకు ఇది ఏమాత్రం తీసిపోదు.

రెండోది, ధర చెప్పడం. నాపరాయి కోసం హైదరాబాద్ నుంచి ఒక బిల్డర్ ఫోన్ చేశాడు. "అడుగు ఎంతండీ?" అన్నాడు. మనం ఒక అంకె చెప్పి ఊరుకుంటే గొడవకు విత్తనం అక్కడే పడుతుంది. మందం ఎంత, సైజు ఎంత, ఒకవైపు పాలిషా రెండువైపులా, లారీ కిరాయి ఎవరిది, దించే కూలి ఎవరిది, దారిలో పగిలినవి ఎవరి లెక్క, డబ్బు ఎన్ని రోజులకు. ఈ ఏడు సంగతులూ ఒక కాగితం మీద రాసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే అయిదు నిమిషాల పని. అవతలివాడికి మన మీద గౌరవమూ పెరుగుతుంది, రేపు తేడా వస్తే చూపించుకోవడానికి రాతా ఉంటుంది.

మూడోది, బాకీ అడిగి వసూలు చేయడం. మన ప్రాంతంలో ఇదే అన్నిటికన్నా కష్టమైన మాట. "మిర్చి అమ్మాక ఇస్తాలే బాబాయ్" అంటాడు రైతు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. కానీ మిర్చి ఎప్పుడు అమ్ముతాడు? గుంటూరు యార్డుకు తోలతాడా, ధర కోసం కోల్డ్ స్టోరేజీలో పెడతాడా? యార్డుకైతే వారాల్లో డబ్బు వస్తుంది. స్టోరేజీకైతే నెలలు పట్టొచ్చు. "ఈసారి కాయ యార్డుకు వేస్తున్నావా, స్టోరేజీలో పెడుతున్నావా?" అని అప్పుడే నవ్వుతూ అడిగితే తేదీ దానంతట అదే బయటికి వస్తుంది. ఆ తేదీ, ఆ మొత్తం ఆయన ముందే పద్దులో రాసి చదివి వినిపించండి. మొహమాటపడి ఇప్పుడు అడగకపోతే, ఏడాది తర్వాత కోపంతో అడగాల్సి వస్తుంది. కోపంతో అడిగితే డబ్బూ రాదు, మనిషీ దూరమవుతాడు.

నాలుగోది, మన సరుకు గురించి నలుగురికీ తెలిసేలా చేయడం. ఇందులో తెలుగువారికి తొలి గురువు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టి, బతుకుతెరువుకు ఊళ్లు తిరిగి, 1893లో బొంబాయిలో అమృతాంజనం అనే నొప్పి మందు మొదలుపెట్టారు. అప్పటికి ఆ పేరు ఎవరికీ తెలియదు. సంగీత సభలకు వచ్చినవారికి ఆయన ఆ మందును ఉచితంగా పంచిపెట్టారని చెబుతారు. గంటల తరబడి కూర్చుని కచేరీ వినే సభ అది. రాసుకుని చూసినవాడు పక్కవాడికి చెబుతాడు. ఎవరికి అవసరమో, ఆ మనుషులు ఎక్కడ గుమిగూడతారో చూసి అక్కడికే వెళ్లడం అందులోని కిటుకు. అలా సంపాదించిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు, జాతీయోద్యమానికి అండగా నిలిచారు. దేశోద్ధారకుడు అనిపించుకున్నారు.

ఆ కిటుకు మన దగ్గర ఇంకా వాడుకోవాల్సినంత మిగిలే ఉంది. దుర్గి రాతిశిల్పాలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ ఊరి శిల్పి చేసిన విగ్రహం కొనేవాడికి అది ఏ రాయి, ఎన్ని రోజులు చెక్కారు, ఎన్ని తరాల పని అన్న సంగతులు ఒక చీటీ మీద రాసి ఇస్తే, బేరమాడే జోరు కాస్త తగ్గుతుంది. పచ్చడి అమ్మే అక్క సీసా మీద కాయ ఏ ఊరిదో, నూనె ఏదో, ఏ తేదీన పట్టారో రాస్తే చాలు. నాణ్యమైన సరుకు చేసి కూడా దాని గురించి రెండు ముక్కలు చెప్పుకోకపోతే మధ్య దళారీ ఆ రెండు ముక్కలూ చెప్పి లాభం తీసుకుపోతాడు.

పెద్ద కంపెనీలకు, కాంట్రాక్టర్లకు సరుకు ఇచ్చేవారు ఒక చట్టం తెలుసుకోవాలి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న పరిశ్రమ నుంచి సరుకు గానీ సేవ గానీ తీసుకున్నవారు ఒప్పందంలో గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి. రాతలో గడువు లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలి. ఈ రక్షణ తయారీదారులకు, సేవలందించేవారికి. కొని అమ్మే దుకాణాలకు ఇది వర్తించదు. ముందుగా ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఆధార్, పాన్ వివరాలుంటే చాలు, రుసుము ఏమీ లేదు. ఎవరైనా వేలు అడిగితే ఇవ్వకండి. నమోదు ఉన్నా, సరుకు అందినట్టు సంతకం, బిల్లు, తేదీ మన దగ్గర లేకపోతే చట్టం ఏమీ చేయలేదు. రాయబారానికి వెళ్లేవాడి చేతిలో రాత ఉండాలి.

మరి ఇవన్నీ ఎక్కడ నేర్చుకోవాలి? ప్రతి జిల్లాకూ బ్యాంకుల ఆధ్వర్యంలో గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఒకటి ఉండాలన్నది ప్రభుత్వ విధానం. 1982లో కర్ణాటకలోని ధర్మస్థల దగ్గర ఉజిరెలో మొదలైన నమూనా అది. శిక్షణకు, భోజనానికి, బసకు డబ్బు తీసుకోరు. కుట్టు, ఎలక్ట్రికల్ పనుల వంటివాటితోపాటు వ్యాపారం నడిపే పద్ధతీ చెబుతారు. ఆ పాఠాల్లో కాకినాడ నాటి గురి రాసుకోవడం, కొలిచి సాహసించడం లాంటివి ఉంటాయి. జిల్లా పరిశ్రమల కేంద్రంలో పథకాల వివరాలు దొరుకుతాయి. ఇక చేతికందే బడి మన ఊళ్లోనే ఉంది. అది డ్వాక్రా పొదుపు సంఘం. నలుగురి ముందు నోరు విప్పడానికి భయపడిన ఆడవాళ్లు అక్కడ లెక్క చదవడం, తీర్మానం రాయించడం, బ్యాంకు మేనేజర్‌ను నిలదీసి అడగడం నేర్చుకున్నారు. వ్యాపారం చేసే మగవాళ్లలో ఎందరు ఆ పని చేయగలరో ఆలోచించండి.

అందుకే నేను ఒకటి కోరుతున్నాను. ఒకే బజారులో ఉండే అయిదారుగురు చిన్న వ్యాపారులు నెలకోసారి ఒక గంట కలిసి కూర్చోండి. ఎదురుకొట్టు వాడు పోటీదారే, కాదనను. కానీ చెక్కు బౌన్స్ చేసే కాంట్రాక్టరు ఎవరో, ఏ ట్రాన్స్‌పోర్టు వాళ్లు సరుకు పగలగొడుతున్నారో మాట్లాడుకుంటే అందరికీ మేలే. వచ్చే ఆరు నెలల గురి ఒక్కొక్కరూ కాగితం మీద రాయండి. ఎంత పెడతారు, ఎంత పోతే ఆపుతారు, ఎవరి దగ్గర ఎంత వసూలు చేయాలి. ఆరు నెలలయ్యాక అదే కాగితం తీసి ఒకరిదొకరు చదవండి. కాకినాడ వ్యాపారులకు పది రోజుల్లో నేర్పింది ఇదే. అప్పట్లో దీనికోసం హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చింది. ఇప్పుడు మీ కొట్టు ముందు నాలుగు కుర్చీలు వేస్తే సరిపోతుంది. ఈ నెలలోనే మొదలుపెట్టండి.